ఏడు మంచి షీట్లు

ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. అందులో ఏడు చోట్ల ‘షీటు చెడింది’ అని ఉంటుంది. ఏడూ నా చేతిరాతే. ఏడు షీట్లూ మంచివే. మొదటిది తప్ప మిగతావి రాసేటప్పుడే ఆ సంగతి నాకు తెలుసు.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. కాబట్టి ఇందులో సొగసులు వెతకొద్దు. చూసింది చూసినట్లు రాయడం ఒక్కటే నాకు వచ్చు. అది నేర్పిన మనిషి విషయంలోనే నేను తప్పాను. అందుకే ఎవరూ అడగకముందే రాసిపెడుతున్నాను.

మాది యర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లె. గొర్రెల ఇల్లు. పెళ్లయి మార్కాపురం వచ్చాక పలకల షెడ్డులో పనికి కుదిరాను. గని నుంచి వచ్చిన రాతిని పొరలు పొరలుగా చీల్చి పలకలు చేస్తారు. చీల్చే ముందు ఒకరు చిన్న సుత్తితో దాన్ని తట్టి వినాలి. లోపల పగులు లేకపోతే రాయి కంచులా మోగుతుంది. పగులుంటే తడి గోడను తట్టినట్లు మూగగా ఉంటుంది. ఆ తట్టి వినే పని నాది. నా చెవి మీద మేస్త్రికి నమ్మకం.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. తట్టిన మనిషి ఒక్కసారే చెప్పాలి, ‘మోగింది’ అనో, ‘మూగ’ అనో. చీల్చేవాడు రెండోసారి అడగకూడదు. మేము రెండోసారి చెప్పకూడదు. రెండోసారి చెబితే రాయికి కోపం వస్తుందని పాతవాళ్లు అనేవాళ్లు. రాయికి కోపమేంది అని నేను నవ్వేదాన్ని. కానీ ఆ పద్ధతి నాకు నచ్చింది. రాళ్లు వరసగా వస్తుంటే ఒక్కదాని దగ్గర వాదులాడుకుంటూ కూర్చుంటే పని సాగదు కదా.

ఒకరోజు నేను ‘మూగ’ అన్నాను. చీల్చేవాడు విననట్లే ఉలి పెట్టాడు. రాయి అడ్డంగా విరిగి అతని రెండు వేళ్లు పోయాయి. నేను ఆ రక్తం చూసి ఏడుస్తుంటే మేస్త్రి నా దగ్గరకొచ్చాడు.

“నువ్వెందుకు ఏడుస్తావు మే? నువ్వు చెప్పినావు. నీ పని అయిపోయింది. విననిది వాడు.”

ఆ మాట విన్నాక నాకు ఎంత హాయి అనిపించిందో. చాలా ఏళ్లు ఆ హాయి మీదే బతికాను. ఏ ఇంట్లో ఏ తప్పు చూసినా మొహం మీద ఒక్కసారి చెప్పేసి, చేతులు దులుపుకుని వచ్చేసేదాన్ని. దానికి నిక్కచ్చి మనిషి అని పేరు కూడా వచ్చింది.

బడిపిల్లలు పలకలు వదిలేశారు. షెడ్లు ఒకటొకటిగా మూతపడ్డాయి. రాతి దుమ్ముతో దగ్గు మాత్రం నాతోనే ఉండిపోయింది. ఇల్లు ఊడ్చే పని ఏదైనా ఉందేమోనని వెతుకుతుంటే, కంభం నుంచి ఒకామె వచ్చి రెండు గదుల్లో సీసాలు పెట్టుకుని ఏదో చేస్తోందని, మనిషి కావాలంటోందని తెలిసింది. పోయాను.

నాకంటే పదేళ్లు పెద్దామె. తెల్లగా పొట్టిగా కత్తిరించిన జుట్టు. చీర కొంగు బొడ్డులో దోపుకుని, బల్ల దగ్గర నిలబడి ఉంది. పేరడగలేదు, ఊరడగలేదు. ఒక ఇనుప గొట్టం చూపించింది.

“దీంట్లో కన్ను పెట్టి చూడు. ఏం కనపడతాందో చెప్పు.”

చూశాను. రంగురంగులుగా ఏదో పాకుతోంది.

“చచ్చిన కప్ప పొట్ట మీద నూనె పోసినట్లుంది” అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి బల్ల పట్టుకుంది. “నీకంటే ముందు ముగ్గురు వచ్చినారు. ఒకామెకు దేవుడు కనపడినాడంట. ఇంకొకామె ముగ్గుల మాదిరి శానా బాగుందమ్మా అన్నది. మూడో ఆమె కన్ను మూసుకోనే చూసినట్లు చేసింది. నువ్వు రేపట్నుంచి రా.”

“సరే మేడం.”

“మేడం అనొద్దు. పరీక్ష హాలు గుర్తొస్తది. అక్కా అను.”

ఆమెకు నా కళ్లు ఎందుకు కావాలో తర్వాత తెలిసింది. జీవితమంతా ఆ గొట్టంలో చూసిన మనిషికి చూపు మసకబారింది. కంటి నరమే బలహీనమైందని, ఇక ఆపరేషన్లతో రాదని డాక్టర్లు చెప్పేశారట. మనుషుల్ని పోల్చుకునేది, సీసాలు తడుముకుని తీసుకునేది. కానీ ఆకుపచ్చకూ నీలానికీ తేడా పోయింది. ఆమె పనంతా ఆ తేడాలోనే ఉండేది.

ఆ పని గురించి నాకు అర్థమైనంత చెబుతాను. ఏ పదార్థమైనా వేడి చేస్తే ఒకసారి కరుగుతుంది. అక్క చేసే పదార్థాలు రెండుసార్లు కరుగుతాయి. తెల్లటి పొడిని వేడి చేస్తే మొదట బియ్యం కడిగిన నీళ్లలా మారుతుంది. కారుతుంది, జారుతుంది, కానీ మసకగా ఉంటుంది. ఇంకాస్త వేడి చేస్తే, చిటికేసినట్లు తేటపడిపోతుంది. ఆ మసకకూ ఆ తేటకూ మధ్య ఉన్నదాన్నే ద్రవ స్ఫటికం అంటారట. నీళ్లలా కదులుతుంది, రాయిలా లోపల ఒక వరస ఉంటుంది.

“మంద మాదిరి” అన్నాను నేను, మొదటిసారి విన్నప్పుడు.

“ఏ మంద?”

“గొర్రెల మందక్కా. నడిచేటప్పుడు నీళ్ల మాదిరే పారుతది. కానీ తలకాయలన్నీ ఒకే దిక్కు. కుక్క వచ్చి మీద పడితే అప్పుడు తలా ఒక దిక్కు పోతది. అదేనా నీ తేట?”

అక్క చేతిలో ఉన్న సీసా కింద పెట్టేసింది. “ఇన్నేండ్లు పిల్లకాయలకు బోర్డు మీద గీతలు గీసి గీసి చెప్పినా. గొర్రెలని నాకు తోచలేదు చూడు.”

కంభంలో వాళ్లది దుకాణం ఇల్లు. ఆడపిల్ల లెక్కలు బాగా చేస్తుందని నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాడట. ఆమెకు మాత్రం బెల్లం ఏ ఎండకు కారుతుంది, కొబ్బరినూనె ఏ చలికి గడ్డకడుతుంది అన్నదాని మీదే ధ్యాస. చదువుతానని పట్టుబట్టి పోయింది, పెళ్లి వద్దంది. దూరపు ఊర్లో ఒక కాలేజీ ల్యాబులో, సరైన పొయ్యి కూడా లేక, ఇనుప బాణలిలో ఇసుక పోసి దాని మీద వేడి చేసేదట. ఒక్కో పదార్థానికీ కంటికి కనపడని తోక ఉంటుందట, దాన్ని ఒక్కో కణుపు పొడుగు చేసి చూసుకుంటూ పోయింది. అప్పట్లో మన దేశంలో ఆ పని చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరట. కరిగితే ఆ మసక నిలవదు, నిలిస్తే పొయ్యి వేడి కావాలి. ఏళ్ల తరబడి అంతే. ఒకరోజు పొయ్యి వెలిగించకుండానే, మామూలు గది వేడికే, సీసా వంచితే పాల మాదిరి జారింది.

“ఎవురికి చెప్పినావు ముందు?” అని అడిగాను.

“మూడు దినాలు ఎవురికీ చెప్పలా. చెబితే గడ్డ కట్టుకుంటదేమోనని భయం.”

దాని గురించి రాసింది అచ్చయింది. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఉత్తరాలు వచ్చాయి. నా సెల్‌ఫోన్ చూపించి, “ఈ అద్దం వెనక ఉండేది కూడా నువ్వు చేసిందేనా?” అంటే తల అడ్డంగా ఊపింది. “నేను చేసింది కాదు. దాని మనవరాలనుకో. నన్ను గుర్తుపట్టదు.”

అక్షరాలు అక్కే నేర్పింది. పుస్తకం పెట్టి కాదు. నేను చూసిన రంగు నేనే రాయాలని పట్టు. అందుకని నాకు వచ్చిన మొదటి మాటలు అమ్మ, ఆవు కావు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు. ‘షీటు’ తర్వాత వచ్చింది. ‘చెడింది’ ఆ తర్వాత. నేను తప్పు రాస్తే వేలితో తుడిచేసి, “చూసింది చూసినట్లు రాయి. నాకోసం రాయొద్దు” అనేది.

షీటు సంగతి నా వల్లే మొదలైంది. ఈనిన గొర్రెలకు పొదుగువాపు వస్తుంది. వాపు కనపడేసరికి ఆలస్యమైపోతుంది, పొదుగు గట్టిపడి పాలు విరిగిపోతాయి, పిల్లలు చచ్చిపోతాయి. “వాపు రాకముందు రోజే పొదుగు ఒక పక్క వేడెక్కుతదక్కా. మా నాయన చెయ్యి పెట్టి చెప్పేవాడు” అన్నాను మాటల మధ్యలో. ఆ రోజు అక్క అన్నం సగంలో లేచింది.

నల్ల రంగు పూసిన పలచటి ప్లాస్టిక్ కాగితం మీద ఆమె చేసిన ద్రవ స్ఫటికం పూత. ఒంటికి ఆనిస్తే చల్లగా ఉన్నచోట ఎరుపు, కొంచెం వెచ్చగా ఉంటే ఆకుపచ్చ, ఇంకా వెచ్చనైతే నీలం. నీలం కూడా దాటిపోతే రంగే ఉండదు, వెనకున్న నలుపు కనపడుతుంది. లోపల మెలి ఉంటుందట తాడులో మాదిరి, వేడికి ఆ మెలి బిగుసుకుని రంగు మారుతుందట.

మొదటి షీట్లు పట్టుకుని మా పల్లెకు పోయాం. నాకు మామ వరసయ్యే గొర్రెలకాపరి ఒకాయన ఉన్నాడు. షీటు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎర్రగుంటే జబ్బు. అంతేనా కోడలా?”

“కాదు మామా. ఎరుపైనా ఆకుపచ్చైనా మంచిదే. నీలముంటే జబ్బు.”

“ఓరి మీ పాసుగాల! నిప్పు ఎర్రగుంటదా నీలంగుంటదా? రంగులు గూడా తలకిందులు చేసినారే మీరు.”

అక్క ఊరుకుంటుందా? “మామా, గ్యాస్ పొయ్యి మంట ఏ రంగు?”

ఆయన షీటును మళ్లీ ఒకసారి తిప్పి చూసి, “మా ఇంట్లో కట్టెల పొయ్యేలేమ్మా” అన్నాడు. అందరం నవ్వాం. తీసుకోవడం మాత్రం తీసుకున్నాడు.

ప్రతి కొత్త పూతకూ ఒక పద్ధతి ఉండేది. ఊరికి పంపేముందు తన ఒంటి మీద చూసుకునేది. “పొదుగైనా రొమ్మైనా చర్మం చర్మమే. నా మీద సరిగా పనిచేయంది గొర్రె మీద చేస్తదా?” అనేది. తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు, తలుపు వేసుకుని రవిక విప్పి కూర్చునేది. నేను షీటు ఆనించి అరవై లెక్కపెట్టి చూసేదాన్ని. కుడి, ఎడమ. రెండు పక్కలా ఒకే ఆకుపచ్చ వస్తే పూత సమంగా పడినట్లు.

దసరా పోయాక ఒక తెల్లవారి, ఎడమ పక్క కింద నీలం కనిపించింది.

“ఏం రంగు?”

“కుడి పక్క ఆకుపచ్చ. ఎడమ పక్క ఆకుపచ్చలో కింద నీలం. చింతగింజంత.”

అక్క రవిక వేసుకుంటూ, “పూత అక్కడ మందంగా పడినట్లుంది. షీటు చెడింది. రాసుకో” అంది.

రాశాను. అప్పటికి నేనూ నమ్మాను.

మళ్లీ పూత వేసింది. మళ్లీ తెల్లవారుజామున కూర్చుంది. అదే చోట, అదే చింతగింజ. అప్పుడు నా బుర్రకు ఒకటి తట్టింది. షీటును తలకిందులుగా తిప్పి మళ్లీ ఆనించాను. పూతలో లోపముంటే మచ్చ షీటుతో పాటు పైకి పోవాలి కదా. పోలేదు. అక్కడే ఉంది.

నేను నిక్కచ్చి మనిషిని. చెప్పేశాను.

“అక్కా, షీటు తిప్పి చూసినా. మచ్చ తిరగలేదు. ఆ మచ్చ షీటుది కాదు, నీది. డాక్టర్ దగ్గరికి పోదాం పా.”

ఆమె మొహం నా వైపు తిప్పింది. నేను మసగ్గా కనపడుతున్నానని తెలుసు. అయినా ఆ చూపుకు నేను అర అడుగు వెనక్కి వేశాను.

“నీకు రాళ్లు తెలుసు. నాకు పూతలు తెలుసు. షీటు చెడింది. రాసుకో.”

రాశాను. పెన్ను కింద పెట్టేటప్పుడు, చెబితే ఎవరూ నమ్మరు కానీ, నాకు ఆ పాత హాయే వచ్చింది. నువ్వు చెప్పినావు, నీ పని అయిపోయింది. ఒక్కసారి చెప్పాలి, చెప్పేశాను. రెండోసారి చెప్పడం నా పద్ధతిలో లేదు.

ఆ తర్వాత అంతా మామూలుగానే నడిచింది. మామూలుగా నడవడమే నాకు భయం వేసేది. అక్క తినేది, పాత పాటలు కూనిరాగం తీసేది, సీసాల మీద కేకలు వేసేది. మూడు నాలుగు వారాలకో షీటు. ఆ తెల్లవారి మాత్రం ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. నేను లెక్కపెట్టేదాన్ని. ఆమె అడిగేది. నేను చెప్పేదాన్ని. ‘షీటు చెడింది.’ మూడోసారికి చింతగింజ రేగుపండంత అయింది. ఐదోసారికి నిమ్మకాయ చెక్కంత.

చెడిన షీట్లను పొయ్యిలో వేయమనేది. నేను వేయలేదు. బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఇంటికి పోయి ఒక్కోటి నా ఒంటి మీద ఆనించుకుని చూసుకునేదాన్ని. రెండు పక్కలా ఒకే ఆకుపచ్చ, చేలో కొత్త పైరులాగా. ఒక్క షీటులో కూడా మచ్చ లేదు. ఊరికి పోయినప్పుడు అందులో ఒకటి మామకు ఇచ్చి వచ్చాను. వీటి పనితనం ఎవరో ఒకరికి తెలియాలని ఎందుకో అనిపించింది.

అక్కకు తమ్ముడొకాయన ఉన్నాడు. కంభం దుకాణం ఆయనదే. ఆదివారం పూట సంచిలో పప్పు, నూనె పట్టుకుని బస్సులో వచ్చేవాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఎంతసేపూ కొట్లాడుకునేవాళ్లు.

“ముసలిదానివైనావు, ఇంకా ఈ గబ్బు మందులేంది పెద్దక్కా? ఇంటికి రారాదా?”

“మీ దుకాణంలో ఎండుమిరప ఘాటు కంటే ఇదే నయం రా.”

పోయేటప్పుడు ఆయన గేటు దగ్గర ఆగి నన్ను అడిగేవాడు. “చెల్లెమ్మా, అక్క సన్నబడినట్లు లేదూ? బాగానే ఉందా?”

“మీ అక్కనే అడుగన్నా” అనేదాన్ని.

ఆయన నవ్వేవాడు. “ఆమెనడిగితే చెప్పుద్దా? అందుకేగా నిన్నడిగేది.”

నేను గేటు గడియ వేసేసేదాన్ని. ఆయన అడిగింది ఒక్కసారి కాదు. మూడు నాలుగు ఆదివారాలు అడిగాడు.

మా ప్రాంతంలో ఎండ సంగతి తెలిసిందే. దాని గురించి అక్కే అంది, శివరాత్రి దాటాక ఒకరోజు. “ఉగాది పోయిందంటే ఇంక షీటు ఈ ఊర్లో పనికి రాదు మే. గాలే ఒంటికంటే వేడెక్కుతది. ఎక్కడ ఆనించినా నలుపే. మళ్లా చలికాలం రావాల.” అంటూ పూత గుడ్డను ఉతికి ఆరేసింది. మళ్లీ చలికాలం దాకా ఆమె ఉంటుందా అని నాకు అనిపించింది. అనిపించి, నీళ్లు పట్టడానికి లేచి పోయాను.

ఏడో షీటు నాడు కిటికీ బయట కాకులు కూడా లేవలేదు. ఆనించాను. అరవై లెక్కపెట్టాను. మళ్లీ అరవై లెక్కపెట్టాను. నీలం అరచేయంత అయింది. దాని మధ్యలో నలుపు. రూపాయి బిళ్లంత, అంచులు తేటగా.

“ఏం రంగు?” అంది అక్క.

నీలం దాటితే నలుపని నాకు నేర్పింది ఆమే.

“నీలం” అన్నాను.

అది ఒక్కటే నేను ఆమెతో చెప్పిన అబద్ధం. అబద్ధమని కూడా అనలేరు, నీలం ఉంది కదా. నలుపు అని నోట్లో దాకా వచ్చింది, బయటికి రాలేదు. నన్ను నిక్కచ్చి మనిషి అన్నవాళ్లెవరూ ఆ గదిలో లేరు.

“షీటు చెడింది. రాసుకో.”

రాసుకున్నాను.

ఆ వారంలోనే మామ వచ్చాడు. త్రిపురాంతకం సంతలో ఏదో పనుండి, అక్కడి నుంచి బస్సెక్కి వచ్చాడు. గడపలోనే కర్ర ఆనించి, తలపాగాలోంచి మడత పెట్టిన షీటు తీశాడు.

“ఇట్లాంటివి ఇంకో నాలుగు కావాలమ్మా” అన్నాడు అక్కతో.

“అది ఏది? నేనియ్యలేదే నీకు.”

“కోడలిచ్చింది. చెడిపోయింది మామా, ఊరికే పెట్టుకో అన్నది.” ఆయన చతికిలబడి కూర్చున్నాడు. “ఎవురమ్మా చెడిందన్నది? రెండు గొర్రెలకు నీలం చూపించింది. ఒకదానికి నమ్మినా, మందేయించినా. బతికింది. రెండోదానికి నమ్మలా. చెడిన షీటేగా అనుకున్నా, పైగా మొన్ననే ఈనింది, నిగనిగలాడతాంది. ఐదు దినాలకు పొదుగు నల్లబడి కుళ్లింది. ఏం చేసేది, కోసేసినా. షీటు తప్పు కాదు, నాదే.”

అక్క చెయ్యి చాపింది. ఆయన షీటు ఇచ్చాడు. మూలలో నేను ఇంకుతో వేసిన అంకె ఉంది. అక్క దాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గర పెట్టుకుంది.

“ఇదెన్నోది?”

“నాలుగోది” అన్నాను.

మామ మజ్జిగ తాగి, ఆ షీటుతో పాటు ఇంకో నాలుగు కొత్తవి తీసుకుని పోయాడు. ఆయన గేటు దాటేదాకా అక్క కదల్లేదు. నేను లోపలికి పోయి బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. ఇక కట్టుబాటు ఏమైతే అదే అయిందని రెండోసారి చెప్పాను.

“ఏడూ మంచివే అక్కా. అన్నీ నా మీద చూసినా. ఒక్కదాంట్లో మచ్చ లేదు. మొన్న దానికి నీలం అన్నానే, మధ్యలో నలుపుంది. చెప్పలా. నీకు లోపల ఏదో రగులుతాంది. ఈ పొద్దు చెప్పాల్సింది కాదు ఇది, దసరా అప్పుడే నీ జుట్టు పట్టుకోని బస్సెక్కించాల్సింది.”

ఆమె అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను. డబ్బాలో వేళ్లు పెట్టి షీట్లను ఒక్కొక్కటిగా తడిమింది. ఆ మొహం నేను మర్చిపోలేను. పెళ్లిలో ఆడపిల్ల తల్లి మొహంలా వెలిగిపోయింది.

“అయితే పనిచేస్తాందే మ్మే! ఏడుకు ఏడూ పనిచేసినాయి!”

షీట్లను మళ్లీ వరసగా సర్ది డబ్బా మూత వేసింది.

“నోటుపుస్తకం తీ. చెడింది అని ఉన్నచోటల్లా కొట్టెయ్. పనిచేసింది అని రాయి. నలుపు అని గూడా రాయి, ఎంత వెడల్పో రాయి. అన్నీ రాసినాక, తమ్మునికి ఫోన్ చెయ్.”

ఏడు చోట్ల కొట్టేశాను. ఏడు చోట్ల రాశాను. ‘పనిచేసింది’లో నేను ఎప్పుడూ తడబడేదాన్ని. ఆ రోజు ఒక్క అక్షరం తప్పు పోలేదు. అక్క పక్కనే కూర్చుని, పెన్ను చప్పుడు వింటూ ఉంది. చివరిది రాశాక చాలా మెల్లగా అంది: “కనపడని కళ్లతో గూడా నాకు ఎక్కడో తెలుస్తానే ఉన్నిందిలే.” ఆ మాట నన్ను ఓదార్చడానికి అందో, నిజమో నాకు తెలియదు.

పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసి బయటికొచ్చింది. “ఈ గడ్డ నిన్న మొన్నటిది కాదు. ఇంట్లో ఎవరూ గమనించలేదా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

వరండాలో తమ్ముడూ నేనూ మిగిలాం. ఆయన గోడకు ఆనుకున్నాడు.

“చెల్లెమ్మా, నీకు ఎప్పటి నుంచి తెలుసు?”

అక్షరాలు రాని రోజుల్లో నాకొక మాట ఉండేది. కరెంటు బిల్లు వాళ్లు వచ్చినా, ఓటు స్లిప్పు వాళ్లు వచ్చినా ‘నాకు చదువు రాదయ్యా’ అనేదాన్ని. ఆ ఒక్క మాటతో ఎన్ని తప్పించుకున్నానో. ఆ మాట ఇప్పుడు లేదు. సంచిలో నోటుపుస్తకం ఉంది. తీసి ఇచ్చాను.

ఆయన దుకాణం మనిషి, పేజీలు తిప్పడం తెలుసు. మొదటి కొట్టివేత దగ్గర ఆగాడు. పక్కన తేదీ చూశాడు. రెండోది. మూడోది. ఏడోదాకా పోయి, మళ్లీ మొదటి దానికి వచ్చాడు.

“ఇన్నిసార్లు రాసినావు. నాకు ఒక్కసారి చెప్పలేకపోయినావా?”

“ఆమెకు చెప్పినానన్నా. ఒకసారి చెప్పినా.”

“ఒకసారా” అన్నాడు ఆయన. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

తొలకరికి కందులు చల్లే లోపే అక్క పోయింది. చివరి వారాల్లో బాగా ఎండలు. ఒకసారి షీటు తెమ్మంది. ఆనించాను. అంతా నలుపే, ఆ పక్కా ఈ పక్కా. ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. షీటు తీసి మడిచాను.

కర్మకాండ అయ్యాక తమ్ముడు సీసాలన్నీ ఒక కాలేజీకి ఇచ్చేశాడు. నోటుపుస్తకం మాత్రం నా చేతిలో పెట్టాడు. “ఇది నేను ఇంట్లో పెట్టుకోలేను. నీ రాతే కదా” అన్నాడు. గేటు దాకా వచ్చాడు. ఆ ఆదివారాల్లో అడిగినట్లు ఆ రోజు ఏమీ అడగలేదు.

మామ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటాడు, ఆ షీట్లు ఇంకా ఏమైనా ఉన్నాయా అని. లేవు. చేసే మనిషి లేదు. చేసే పద్ధతి ఆమె తలలో ఉండేది, నా పుస్తకంలో రంగులే ఉన్నాయి. ఆ ఏడింటిలో మిగిలిన ఆరు డబ్బాలో ఉన్నాయి. ఇవ్వనని చెప్పాను. ఎందుకివ్వవు కోడలా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని, నేను చెప్పలేనిది చెప్పిన షీట్లు అవి అని.